మా అత్త దిగని కారు

మా కాలంలో మనిషి అలసిపోవడానికి కూడా బోలెడు తీరిక కావలసి వచ్చేది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలంటే పోవాలా వద్దా అని ఒక నెల మాట్లాడుకునేవాళ్ళు, ఎట్లా పోవాలని ఇంకో నెల, పోయినాక ఎవరితో మాట్లాడాలి, ఎవరితో మాట్లాడకూడదు అని మరో నెల. తీరా బయలుదేరే పొద్దుకు సగం మందికి పోవాలన్న కోరికే చచ్చిపోయేది. ఇప్పుడు మా మనవరాలు కడపలో పొద్దున టిఫిను తిని మధ్యాహ్నం భోజనానికి కర్నూలులో దిగి, "అవ్వా, శానా అలిసిపోయినా" అని మంచం మీద వాలుతుంది. తలకింద దిండు పెట్టి ఊరుకుంటాను. అలసట గురించి నాతో వాదించడానికి ఆ పిల్లకు ఇంకా అనుభవం చాలదు. బద్వేలు పక్కనున్న మా అత్తగారి ఊరి నుంచి అహోబిలం దారిలో ఉన్న మా పుట్టింటికి మా బావ కారులో పోయినదాన్ని నేను. (నాతోపాటు ఇంకొక ఆడమనిషి కూడా ఉండింది, మా అత్త. నా అలసటలో ముప్పాతిక వంతు ఆమెదే.)

మా బావ అంటే నా మొగుడే. మేనత్త కొడుకు. మా అత్త మా నాయనకు సొంత అక్క. అంటే నా పుట్టిల్లే ఆమె పుట్టిల్లు కూడా. ఇట్లాంటి సంబంధంలో సుఖం ఉంటుందని పెద్దవాళ్ళు అంటారు. ఉంటుంది, కాదనను. కానీ కోడలు అత్త మీద అలిగి పుట్టింటికి పోదామని మూట కట్టుకుంటే, "ఆగు, నేనూ వస్తా" అని అత్త కూడా మూట కట్టుకునే చిక్కు ఒకటుంది. మా ఇంట్లో ఆ చిక్కు కూడా లేకుండా పోయింది, ఎందుకంటే నా పెళ్ళి రోజు నుంచే మా అత్తకు, మా నాయనకు మాటలు లేవు.

జరిగింది చాలా చిన్నది. పెళ్ళి భోజనాల దగ్గర, పంక్తి మధ్యలో ఎవరో మా నాయనను, "ఏమప్పా, బిడ్డను అంత దూరం ఇస్తాండావు, ఆ ఊరికి దావ యాడ?" అని అడిగారు. ఆయన నెయ్యి వడ్డిస్తూ నవ్వి, "మా అక్క ఊరికి దావే లేదు. ఆడికి పోయిన కాకి గూడా ఇంతవరకు తిరిగి రాలే" అన్నాడు. పంక్తి పంక్తంతా నవ్వింది. మా అత్త ఆ పంక్తిలోనే ఉంది. విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, అందరూ వినేటట్టు, "మళ్ళా ఈ ఊరికి వస్తే కార్లోనే వస్తా. నీ గడప ముందరనే దిగుతా. అంతవరకు నీ మొగం సూసేది లేదు" అంది. మా నాయన కూడా ఆ తల్లి కడుపున పుట్టినవాడే కదా. "దిగు. దిగిన్నాడు నా చేత్తో నీ కాళ్ళకు నీళ్ళు పోస్తా" అన్నాడు. అయిపోయింది. ఆమె ఎట్లాగూ పోదు, నన్నూ పంపదు. "నా కోడలు నాతోనే వస్తాది" అనేది. పండగలు వచ్చాయి, పోయాయి. నేను మా అమ్మను చూడాలని బావి దగ్గర ఏడ్చి, ముఖం కడుక్కుని ఇంట్లోకి వచ్చేదాన్ని. మా అత్త కూడా బావి దగ్గరికి పోయి చాలాసేపటికి ముఖం కడుక్కుని వచ్చేది.

ఇక కారు సంగతి. మా బావ మద్రాసుకు లా చదవడానికి పోయి, లా అక్కడే వదిలేసి ఇంజన్ల పిచ్చి మాత్రం తెచ్చుకున్నాడు. అప్పట్లో కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు పోయింది. దానితోపాటు పెద్ద పెద్ద వాళ్ళూ పోయారు. పోతూ పోతూ ఒక కాలవల కాంట్రాక్టరు తన అమెరికా కారును అమ్మకానికి పెట్టాడని తెలిసి, మా బావ అన్నం మానేసి, తల్లిని ఒప్పించి, దాన్ని కొనుక్కొచ్చాడు. పచ్చి చింతకాయ రంగు. ఒక చివర నిలబడి పిలిస్తే రెండో చివర ఉన్నవాళ్ళకు వినపడనంత పొడుగు. ఎనిమిది సిలిండర్ల ఇంజను. అది గట్టిగా ఊపిరి పీలిస్తే చెట్ల మీది పిట్టలు లేచిపోయేవి. అంత బలమున్న కారుకు కాళ్ళు మాత్రం పొట్టివి, పొట్ట నేలకు ఆనుకుని ఉండేది. మా ఊరి దారి అంటే బండరాళ్ళు, మధ్యలో వానలకు పారే ఒక వంక. మొదటి రోజే వంకలో బండకు పొట్ట తగిలి, లోపలి ఆయిలంతా కక్కుకుంది. అప్పటి నుంచి దాన్ని రోడ్డు మీదున్న పక్క ఊళ్ళో, వేరుశనగ బుడ్డల మిల్లు కొట్టంలో పెట్టారు. మా బావ రోజూ నడిచిపోయి దాన్ని తుడిచి వచ్చేవాడు. మా అత్త ఒకనాడు సంగటి ముద్ద చేస్తూ, తల ఎత్తకుండా, "మన గడపకే రాని కారు, వాని గడపకు ఎట్ల పోతాదిరా?" అని అడిగింది. మా బావ ఆ ముద్ద తినకుండానే లేచిపోయాడు.

అంతలో మా చెల్లెలి పెళ్ళి కుదిరింది. మా నాయన పత్రిక మా మామ పేరుకు పంపాడు. మా మామ చాలా తక్కువ మాట్లాడే మనిషి. (అక్కాతమ్ముళ్ళ మధ్య కాపురం చేసినవాడు అంతకన్నా ఎక్కువ మాట్లాడలేడని నాకు తర్వాత అర్థమైంది.) ఆయన పత్రిక చదివి, మడిచి, గూట్లో పెట్టి, "పోవాల గదా" అన్నాడు. "పోతాం. కార్లో పోతాం" అంది మా అత్త. మా బావ వైపు తిరిగి, "నెల పొద్దు ఉండాది" అంది. నాకు ఆ నెల అంతా భయమే. మేనత్త లేకుండా నలుగు పెట్టించుకోనని మా చెల్లెలు మొండికేసిందని కబురు. ఈ కారు కదలకపోతే అక్కడ పెళ్ళికి అత్త ఉండదు, అక్కా ఉండదు.

మా బావ ఆలోచన ఇది: ఇంజనుకు లారీని లాగే బలముంది, పొట్టివి కాళ్ళే, కాబట్టి కాళ్ళు పెంచితే చాలు. కర్నూలులో యుద్ధం నాటి మిలిటరీ సామాన్లు వేలం వేసినవి ఒకరి దగ్గర గుట్టగా పడి ఉన్నాయని తెలిసి, అక్కడ నుంచి నాలుగు పెద్ద చక్రాలు, వాటి లావుపాటి టైర్లు బస్సు మీద వేసుకుని కడపకు తీసుకుపోయాడు. కారును ఎట్లాగో కడపకు తోలుకుపోయి ఒక సాయిబు షెడ్డులో పెట్టాడు. ఆ సాయిబును అందరూ గ్యారంటీ సాయిబు అనేవాళ్ళు. మాటకు ముందొక గ్యారంటీ, వెనకొక గ్యారంటీ. "ఫికర్ చేయొద్దు రెడ్డీ. గ్యారంటీ" అన్నాడట చక్రాలను చూసి. తీరా బిగించబోతే కారుకున్న బోల్టులు ఒక లెక్క, చక్రాలకున్న బెజ్జాలు ఇంకో లెక్క. అప్పుడు ఇద్దరూ టీ తాగి, పాత చక్రాల నడిమి బిళ్ళలను కోసి పెద్ద రిమ్ముల్లో పెట్టి వెల్డింగు చేద్దామని తేల్చుకున్నారు. నాలుగింటిలో మూడు బాగానే కుదిరాయి. నాలుగోదానికి నడుము సరిగ్గా నడుమ పడలేదు, ఒక వేలెడు పక్కకు పోయింది. దానివల్ల కారు పోతుంటే ఒక మూల కాస్త లేచి, కాస్త కూర్చుని, మళ్ళీ లేచేది. "ఒంటె మీద పోయినట్టు ఉంటాది రెడ్డీ, నవాబులు అట్లనే పోతాండ్రి" అన్నాడట సాయిబు.

చక్రాలు మడ్గార్డులకు తగిలితే మడ్గార్డులు కోశారు. కింద, కాలు పెట్టి ఎక్కే పలకకు తగిలితే ఆ పలకనే తీసేశారు. ఇన్ని కోసినా స్టీరింగు కొంచెం తిప్పితే సరే, ఎక్కువ తిప్పితే టైరు పోయి లోపలి ఇనుముకు రాసుకుని గీమని మూలిగేది. "గ్యారంటీ అంటివే?" అని మా బావ అడిగితే, సాయిబు ఏమాత్రం తడబడకుండా, "ఉండాది రెడ్డీ. నేరుగా పోతే గ్యారంటీ. కర్నూలు దావ నేరుగానే గదా ఉండేది, తిప్పే పని యాడొస్తాది?" అన్నాడట. ఈ మాటలన్నీ మా బావే ఇంటికొచ్చి నాకు చెప్పాడు, ఎంతో సంతోషంగా, నేను ఆయన భుజాలకు ఆముదం కాచి రుద్దుతుంటే. ఆ లావు టైర్లతో స్టీరింగు తిప్పి తిప్పి భుజాలు రెండూ వాచిపోయి ఉన్నాయి. "బ్రేకులు?" అని అడిగాను. నాకు తెలిసిన కారు మాట అదొక్కటే. "ఆగాల్సిన చోటు కంటే కొంచెం ముందే ఆగాలని అనుకోవాల. అంతే" అన్నాడు.

కానీ వంక దాటింది. ఆ మాట ఒప్పుకోవాలి. బండల మీద ఎగురుతూ, పొట్టకు చిన్న గీత కూడా పడకుండా, మా ఊరి చరిత్రలో మొదటి కారు మా గడప ముందుకు వచ్చి, కొంచెం దాటిపోయి, పక్కింటి గడప ముందు ఆగింది. మా అత్త హారతి పట్టుకుని పక్కింటి దాకా నడవాల్సి వచ్చింది. ఆమె ముఖంలో అంత వెలుగు నేను నా పెళ్ళిలో కూడా చూడలేదు. ఎక్కి కూర్చుందామని కాలెత్తింది. కాలు అందలేదు. కొంగు నడుముకు చెక్కి రెండోసారి ఎత్తింది. కారు నేలకు అంత ఎత్తున ఉంది, ఎక్కే పలక సాయిబు షెడ్డులో ఉంది. చివరికి నేను ఇంట్లోంచి ఎత్తు పీట తెచ్చి వేస్తే, నా భుజం పట్టుకుని, దాని మీదెక్కి, లోపల కూర్చుని, "బాగుండాది" అంది. చుట్టూ మూగిన ఊరి జనం పైకి చూశారు. మామూలుగా కారులో కూర్చున్నవాళ్ళను వంగి చూస్తారు. మా అత్తను మాత్రం తల ఎత్తి చూడాల్సి వచ్చింది. అది ఆమెకు చాలా నచ్చింది.

పెళ్ళికి ముందు రోజు తెల్లవారుజామున బయలుదేరాం. మా మామ అంతకు ముందు రోజే, "నేను ముందు పోయి మీరు వస్తాండారని చెప్తా" అని బస్సెక్కి పోయాడు. ఆయన తెలివి మీద నాకు గౌరవం కలిగింది ఆ రోజే. కారులో ముందు మా బావ, వెనక అత్త, నేను, కజ్జికాయల గంపలు, చీరల పెట్టె, పీట. రోడ్డు ఎక్కేదాకా ఒంటె నడక. రోడ్డెక్కినాక ఒంటె పరుగు. స్పీడు చూపించే ముల్లు నెమ్మదిగా పోతున్నామని చెబుతోంది, రోడ్డు పక్క చెట్లు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. చక్రాలు పెద్దవి కావడంతో ఆ ముల్లుకు ఏమీ తెలియడం లేదని మా బావ అన్నాడు. మా అత్త కళ్ళు మూసుకుని అహోబిలం నరసింహస్వామిని తలుచుకుంటోంది.

మైదుకూరు దగ్గర కర్నూలు వైపు తిరగాలి. ఎవరికైనా అది ఒక మలుపు. మాకు అదొక పూట. కొంచెం తిప్పడం, గీమనడం, వెనక్కి రావడం, మళ్ళీ కొంచెం తిప్పడం. బస్సు ఒకటి వెనక ఆగింది, దాని వెనక బండ్లు ఆగాయి. కండక్టరు దిగి వచ్చి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఏమప్పా, ఇది కారా, దున్నేదానికి తెచ్చినావా?" అన్నాడు. మా బావ రెండు చేతులతో స్టీరింగుకు వేలాడుతున్నాడు. కిటికీలోంచి మా అత్త, "పెండ్లికి పోతాండాం నాయనా, కొంచెం ఓర్సుకో" అంది. ఆమె అంత మెత్తగా మాట్లాడటం నాకు కొత్త. అప్పుడే తెలిసింది, ఈమె కూడా భయపడుతోందని. ఎక్కడ చేరలేకపోతామో అని.

ఆ తర్వాత ఎగువలు. నేరుగా ఉంటే గ్యారంటీ అన్నాడే గాని సాయిబు ఎగువ సంగతి చెప్పలేదు. పెద్ద చక్రాలను తిప్పడానికి ఎనిమిది సిలిండర్లూ చాలక, రోడ్డు కొంచెం పైకి లేచేసరికి ఇంజను దగ్గి ఊరుకునేది. "మా, దిగాలమ్మా" అనేవాడు మా బావ. నేను ముందు దూకి పీట వేస్తే అత్త దిగేది. ఇద్దరం ఎగువ ఎక్కేవాళ్ళం, కారు ఖాళీగా ఎక్కేది, పైన పీట వేస్తే అత్త ఎక్కేది. మోకాళ్ళ నొప్పుల మనిషి. ఎండ నెత్తికెక్కింది. పట్టుచీర ఒంటికి అతుక్కుంది. ఆళ్ళగడ్డకు ఇవతల ఉన్న ఆఖరి ఎగువ దగ్గర ఎక్కి కూర్చున్నాక మా అత్త, "ఇంక నేను దిగేది లేదు, ఎక్కేది లేదు. దిగితే నా తమ్ముని గడప ముందరనే" అంది. ఆ కోపంలో, ఆ ఆయాసంలో, పీట నేను తీసుకున్నానని మా బావ, ఆయన తీసుకున్నాడని నేను. అది ఆ ఎగువ మీదే ఉండిపోయింది.

మా ఊరి నల్లరేగడి బండ్ల దారిలో కారు దిగబడకుండా వచ్చింది. ఆ బండి చక్రాల గాళ్ళలో మామూలు కారైతే అంగుళం కదిలేది కాదు, ఇప్పటికీ మా బావ తరపున ఆ మాట చెబుతాను. ఊళ్ళోకి వచ్చాం. మా వీధి అగుపించింది. మా వీధిలోకి పోవాలంటే శెట్టి అంగడి దగ్గర మలుపు తిరగాలి. అది ఎద్దుల బండ్ల కోసం వేసిన మలుపు. మా బావ కొంచెం తిప్పాడు. గీమంది. వెనక్కి వచ్చాడు. వెనక గోడ. ముందుకు పోయాడు. ముందు శెట్టి అరుగు. ఇంకొంచెం గట్టిగా తిప్పితే రబ్బరు కాలిన కంపు కొట్టింది. చివరికి కారు ముక్కు శెట్టి అరుగుకు ఆని, తోక వీధికి అడ్డంగా పెట్టి, ముందుకూ పోక వెనక్కూ రాక నిలబడింది. అక్కడ నుంచి మా ఇంటి గడప స్పష్టంగా కనిపిస్తుంది. తోరణాలు, పందిరి, పందిరి కింద మా నాయన. పట్టుమని పదిళ్ళు కూడా లేవు మధ్యలో.

"దిగమ్మా" అన్నాడు మా బావ, నుదురు తుడుచుకుంటూ. "వాని గడప ముందర దిగుతా అంటిని. శెట్టి గడప ముందర గాదు" అంది మా అత్త, ముందుకు చూస్తూ. నేను కిందికి దూకి మా ఇంటికి పరుగెత్తాను. రెండేళ్ళ తర్వాత చూస్తున్న అమ్మ గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. ఆమెను వాటేసుకునే తీరిక కూడా లేకుండా మా నాయన దగ్గరికి పోయి, "నాయనా, అత్త వచ్చింది. కారు తిరగడం లేదు, నువ్వు రా" అన్నాను. ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకుని, "గడప ముందర దిగుతా అన్నాది గదా. దిగమను. నేను ఈడనే చెంబు పట్టుకోని నిలబడుకోనుంటా" అన్నాడు. నిజంగానే చేతిలో చెంబు ఉంది. నేను తిరిగి కారు దగ్గరికి పరుగెత్తి ఆ మాట చెప్పాను. "చెంబు పట్టుకోని నిలబడితే చాలా? నాలుగడుగులు వేస్తే కాళ్ళు అరిగిపోతాయా అని అడుగు" అంది అత్త. మళ్ళీ పోయాను. "ఆమె కాళ్ళు అరిగిపోతాయా అని నువ్వు అడుగు" అన్నాడు ఆయన. మళ్ళీ వచ్చాను. మా అమ్మ దారిలో నా చేతికి మజ్జిగ చెంబు ఇచ్చింది, "మీ అత్తకు" అని. అత్త పైనుంచి చెయ్యి చాచి అందుకుని, తాగి, "మీ అమ్మకు బుద్ధుండాది" అని, ఖాళీ చెంబు కింద ఉన్న నా చేతికిచ్చింది.

నేను మా మామను వెతికాను. ఆయన పందిరి వెనక మంచం మీద కూర్చుని వక్కాకు వేసుకుంటున్నాడు. "మామా, నువ్వన్నా చెప్పు" అన్నాను. ఆయన ఆలోచించి, "నేను దిగమంటే అసలు దిగదు. నేను చెప్పకుండా ఉంటే ఒకవేళ దిగుతుందేమో" అన్నాడు. అదే ఆయన చేసిన సాయం. ఇంకోపక్క పొద్దు వాలుతోంది. పెళ్ళికొడుకు వాళ్ళు చీకటి పడకముందే దిగుతారు. వాళ్ళు రావాల్సిన వీధికి అడ్డంగా పచ్చి చింతకాయ రంగు కారు. మేళగాళ్ళు వాయించాలో ఊరుకోవాలో తెలియక ఒకసారి మొదలుపెట్టి ఆపేశారు. మా బావ కారు కింద దూరి ఏదో విప్పుతున్నాడు. ఏం విప్పినా చక్రం తిరగదని ఆయనకూ తెలుసు. కింద నీడగా ఉందని అక్కడ ఉన్నాడని నా అనుమానం.

ఎన్నిసార్లు తిరిగానో లెక్క పెట్టలేదు. ఒకసారి అటు పోతూ పోతూ శెట్టి అరుగు దగ్గర నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. కూర్చున్నాను. చెమటకు కుంకుమ కారి ముక్కు మీదికి వచ్చింది. శెట్టి భార్య లోపల్నుంచి వచ్చి విసనకర్ర ఇచ్చింది. "ఏమ్మీ, మీ నాయన ఏమన్నాడు?" అని పైనుంచి మా అత్త అడిగింది. "ఏమీ అనలే" అన్నాను. "మళ్ళా పోయి అడుగు." "పోను." "ఏం?" "నేను ఇంక లేసేది లేదు అత్తా. మీ అక్కాతమ్ములు ఎట్లన్నా సావండి." నోరు జారిన మాట. అత్తగారిని అట్లా అనడం మా ఇండ్లలో లేదు. కారు కింద ఇనుము చప్పుడు ఆగిపోయింది. నేను విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నాను.

ఇటు నుంచి కబురు పోలేదు, అటు నుంచి అడిగేవాళ్ళు లేరు. తర్వాత చూస్తే మా నాయన పందిరి బయటికి వచ్చి చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. నాలుగడుగులు వేశాడు, ఆగాడు. మళ్ళీ నాలుగు వేశాడు. చెంబు చేతిలోనే ఉంది. అరుగు దగ్గరికి వచ్చి నా ముఖం చూసి, "ఏమైంది అమ్మీ, ఎండదెబ్బ తగిలెనా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపల పైనుంచి, "తగలకేం? బిడ్డను ఆ పక్కకూ ఈ పక్కకూ తిప్పి తిప్పి సంపుతాంటివి" అన్న మాట వినిపించింది. మా నాయన తల ఎత్తి చూశాడు. "తిప్పినది నేనా, నువ్వా?" "నువ్వే." "కార్లో కూచ్చోనుండేది నువ్వు." "కాకి తిరిగి రాలేదని నవ్వినది నువ్వు." మా నాయన తలదించుకుని కాసేపు చెంబులోకి చూశాడు. "ఆ మాట నేను అనకుండా ఉంటే బాగుండు అక్కా. ఆ పొద్దు రేత్రి నుంచి అనుకుంటానే ఉండా" అన్నాడు. మా అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. "దిగు" అన్నాడు. ఆమె కదల్లేదు. "దిగక్కా, పొద్దు పోతాండాది." అప్పుడు మా అత్త చాలా చిన్న గొంతుతో, "ఎట్ల దిగేదిరా, పీట యాడనో పడిపోయె. ఇంత సేపూ ఎందుకు కూచ్చున్నాననుకున్నావు?" అంది.

మా నాయన ఒకసారి కారును, ఒకసారి ఆమె కాళ్ళను చూశాడు. చెంబు నా చేతికిచ్చాడు. కొత్త పంచె కట్టుకుని ఉన్నాడు, పెళ్ళికూతురు తండ్రి. శెట్టి గడప ముందర, దుమ్ములో ఒక మోకాలు ఆనించి, రెండో తొడ చూపి, "దీని మీద పెట్టు కాలు" అన్నాడు. మా అత్త అతని తల మీద చెయ్యి వేసి, తొడ మీద పాదం పెట్టి, ఒక క్షణం మొత్తం బరువు అక్కడే నిలిపి, దిగింది. "అబ్బ, ఏం బరువక్కా" అని మూలిగాడు ఆయన. "నీ కంటే పెద్దదాన్ని. బరువు ఉండనా?" అంది ఆమె, అతని పంచె దులుపుతూ. దిగగానే ఎవరినీ పలకరించకుండా నేరుగా శెట్టి పెరట్లోకి ఎందుకు పరుగెత్తిందో ఆడవాళ్ళకు చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున బయలుదేరిన మనిషి. తిరిగి వచ్చినాక మా నాయన ఆమె కాళ్ళకు అక్కడే నీళ్ళు పోశాడు, గడప సంగతి ఎవరూ ఎత్తలేదు.

మా చెల్లెలికి నలుగు మా అత్తే పెట్టింది. పెళ్ళికొడుకు వాళ్ళు కారు పక్కనుంచి ఒకరి వెనక ఒకరు ఒదిగి ఒదిగి రావాల్సి వచ్చింది. వాళ్ళలో ఎవరైనా ఇదేమిటని అడిగితే మా నాయన గొంతు పెంచి, "మా అక్క కారు. ఇంత ఎత్తు కారు మీ దిక్కున ఉండాదా?" అనేవాడు. పెళ్ళి అయిన మూడో నాడు ఊరి మగవాళ్ళంతా కలిసి దాన్ని వెనక్కి తోశారు. మా బావ ఊరి బయటిదాకా మెడ వెనక్కి తిప్పుకునే పోయాడు, ఆ మెడ పట్టు సంక్రాంతికి గాని వదల్లేదు. పాత చక్రాలు మళ్ళీ బిగిద్దామంటే వాటి నడుములు కోసి పెద్దవాటిలో పెట్టారాయె. ఆఖరికి ఆ కారు కొన్న రైతు దాని ఇంజను విప్పి బావి మీద బిగించుకున్నాడు. చీనీ బత్తాయి తోటకు నీళ్ళు బాగా తోడిందని విన్నాం. మా బావ ఒకసారి పోయి చూసి వచ్చి, "బలం తగ్గలేదు" అన్నాడు. ఆ తర్వాత ఇంజన్ల మాట ఎత్తలేదు, ఒక ఏడాది దాకా.

వాళ్ళందరూ ఒక్కొక్కరుగా పోయారు, మాట్లాడుకుంటూనే పోయారు. ఇప్పుడు నాకు మోకాళ్ళు మా అత్తవే వచ్చాయి. మధ్యాహ్నం పూట మనవరాలు గురకపెడుతుంటే ఆ శెట్టి అరుగు మీది పిల్ల గుర్తొస్తుంది. పట్టుచీర నలిగిపోయి, ముక్కు మీద కుంకుమ కారి, ఇంక నేను లేచేది లేదని ఎంత గట్టిగా చెప్పిందో. చాలా నమ్మకంగా చెప్పింది. నాకు నవ్వొస్తుంది. నిజానికి అత్త దిగిన కాసేపటికే మా అమ్మ లోపల్నుంచి, "అమ్మీ, పందిట్లో ఆకులు వెయ్యాల, బిన్నా రా" అని కేక పెట్టింది. ఆ పిల్ల విసనకర్ర పక్కన పెట్టి లేచింది. అప్పటి నుంచి లేస్తూనే ఉంది.